ఎర్రబండి ఎవరిది

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద వీల్ అలైన్‌మెంట్ షాపు పెట్టుకున్న పాపానికి నేను ఊళ్ళో కార్లకి పెళ్ళిళ్ళ పేరయ్యనైపోయాను. వచ్చిన ప్రతివాడూ "ఖాసిం భాయ్, ఏ కారు కొనమంటావు?" అని అడుగుతాడు. టీ తాగుతూ అరగంట వింటాడు. చివరికి వెళ్ళి బావమరిది కొన్న కారే కొంటాడు, లేదంటే పెళ్ళానికి నచ్చిన రంగు కొంటాడు. విసుగొచ్చి సలహాలు చెప్పడం మానేశాను. నాతో కార్ల గురించి నిజంగా మాట్లాడినవాడు ఒక్కడే. ఇది వాడి కథ.

వాడి పేరు ప్రదీప్. దాచేపల్లి దగ్గర ఊరు వాళ్ళది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఆరేసిన బట్టల మీద కూడా పడే ఊరు. తండ్రి లేడు. తల్లి కృపమ్మ ఆ వయసులోనూ మిరపకాయల కోతకి పోయేది. భార్య షెర్లీ దాచేపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. కూతురు జెస్సీ అదే స్కూల్లో ఒకటో తరగతి చదివేది. ప్రదీప్ ఆ ఊరి పెద్దరైతు సాంబశివరావు గారి దగ్గర కారు డ్రైవరుగా ఉండేవాడు. ఆయన తెల్ల కారు, ఏనుగంత బండి, దాన్ని నా షాపుకి తెచ్చినప్పుడల్లా ఫోను తీసి వీడియోలు చూపించేవాడు.

అవన్నీ చిన్న కార్లే. వెనక డిక్కీ లేకుండా తోక తెగ్గోసినట్టుంటాయి. ఆ చిన్న ఒంట్లో టర్బో ఇంజిన్ పెట్టి కంపెనీలు కుర్రకారు మీదకి వదులుతున్నాయి. మావాడికి అవంటే ప్రాణం. "మలుపులో ఎట్టా పట్టుకుందో చూడు భాయ్" అని ఒకే వీడియో పదిసార్లు తిప్పేవాడు. "ఒరేయ్, అది కొనాలంటే నువ్వూ నేనూ కలిసి అమ్ముడుపోవాలిరా" అంటే పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే ముందు గుర్తొస్తుంది నాకు.

సాంబశివరావు గారి గురించి కూడా చెప్పాలి. చెడ్డమనిషి కాదు. జెస్సీకి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు గుంటూరు ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నది ఆయనే. కానీ ఊళ్ళో రెండు వర్గాలున్నాయి, ఒక వర్గానికి ఆయన పెద్ద. పల్నాడులో దాని అర్థం ఏమిటో పల్నాడువాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక మాట చెబితే చాలు. ఆ మాట 'మనిషి'.

మా వైపు ఫలానావాడు ఫలానా ఆయన మనిషి అంటారు. ఒక్కసారి ఆ మాట పడిందంటే ఆయన పగవాళ్ళంతా వీడికీ పగవాళ్ళే. ఆయన దొరకని రోజు వీడు దొరికినా వాళ్ళకి సరిపోతుంది. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. షెర్లీ పెళ్ళినాడే ప్రదీప్‌తో ఒట్టు వేయించుకుంది. "డ్రైవర్‌గా ఉండు. ఆయన మనిషివి మాత్రం కామాక" అంది. వాడు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. మీటింగుల దగ్గర కారు దిగడు. నలుగురు గుమిగూడిన చోట నిలబడడు. ఎవడైనా "ఏందిరా, మీ అయ్యగారు ఏమంటన్నాడు?" అని అడిగితే, "టైర్లలో గాలి తగ్గిందంటన్నాడు" అని చెప్పి తప్పుకుంటాడు.

పోయిన ఎండాకాలం సున్నపురాయి క్వారీల దగ్గర ఆ తెల్ల కారు మీద రాళ్ళు పడ్డాయి. అద్దాలు పగిలాయి. సాంబశివరావు గారి నుదుటి మీద కుట్లు పడ్డాయి. ప్రదీప్ ఎలాగో బండిని లాక్కొచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లోంచి బయటికి రావడమే తగ్గించేశాడు. కోర్టు వాయిదాలకి మాత్రం గురజాల వెళ్ళక తప్పదు. తెల్ల కారు కనిపిస్తే చాలు, మైలు దూరం నుంచే అందరికీ తెలిసిపోతుంది ఎవరొస్తున్నారో. అందుకని ఆయనకో ఆలోచన వచ్చింది. ఎవరూ అనుమానించని చిన్న కారు ఒకటి కావాలి. చిన్నదైనా ఉరకాలి.

"ఏది మంచిదో నువ్వే చూడరా ప్రదీపూ" అన్నాడట. వాడు ఆ సంతోషం పట్టలేక అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు.

అన్నీ వడగట్టాక రెండు కార్లు మిగిలాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. కంపెనీల పేర్లు మనకెందుకు. రెండింటినీ గుంటూరు షోరూముల కుర్రాళ్ళు ఎడ్లపాడు దాకా తెచ్చారు. అక్కడి నుంచి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కించాం. బండి గుణం తెలియాలంటే అంతకన్నా మంచి రోడ్డు మా చుట్టుపక్కల లేదు. ప్రదీప్ స్టీరింగ్ దగ్గర, పక్కన నేను, వెనక సీట్లో సాంబశివరావు గారు.

ముందు నీలం బండి ఎక్కాం. కాలు ఆనిస్తే చాలు, ఉరికింది. కానీ మలుపులో వెనక భాగం పక్కకి లాగుతోంది. స్టీరింగ్ మరీ తేలిక, ముందు చక్రం ఏం చేస్తోందో చేతికి తెలియదు. తలుపు వేస్తే తపేలా మీద మూత పడ్డట్టు చప్పుడు. బానెట్ మీద బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చింది. లోపల మాత్రం టీవీ అంత స్క్రీను, రంగురంగుల లైట్లు. ధర బాగా తక్కువ. పెట్టిన డబ్బుకి ఏ బండి లాభమని నన్నడిగితే, ఇది కొని టైర్లు మార్చుకోమంటాను.

ఎర్రది మొదట్లో కొంచెం బద్ధకించింది. అందుకున్నాక ఇక ఆగలేదు. మలుపుల్లో రోడ్డుని జలగలా పట్టుకుంది. స్టీరింగ్‌కి బరువుంది. తలుపు వేస్తే పాతకాలం ఇనప్పెట్టె మూసినట్టుంది. గుంటల్లో నడుము విరగ్గొట్టింది, అది దాని లోపం. ధర ఎక్కువ, సర్వీసు ఖర్చూ ఎక్కువే, రేపు అమ్మబోతే వచ్చేది తక్కువ. కొండ మీద కాస్త వెడల్పున్న చోట ప్రదీప్ దాన్ని వెనక్కి తిప్పాడు. ఒక్క తిప్పుడుకే తిరిగింది. నీలం బండిని అక్కడే రివర్స్ చేసి, ముందుకు పోనిచ్చి, మళ్ళీ రివర్స్ చేయాల్సి వచ్చింది. ప్రదీప్ ముఖం చూడాలి! కొత్త పెళ్ళికొడుకు కూడా అంత వెలిగిపోడు.

కొండ దిగి షోరూం కుర్రాళ్ళ దగ్గర బండి ఆపాక సాంబశివరావు గారు ప్రశ్నలు మొదలుపెట్టాడు. "రివర్స్‌లో ఎంత స్పీడు పోతది బాబూ?"

షోరూం కుర్రాడు తల గోక్కున్నాడు. "అది బ్రోచర్లో ఉండదు సార్. సన్‌రూఫ్ చూపించమంటారా?"

"పైన కంత నాకెందుకయ్యా! అద్దానికి రాయి తగిలితే ఒక్కదెబ్బకే రాలుద్దా, కాస్త నిలబడుద్దా? వెనకాల కిందికి జరిగి కూచుంటే బయటోళ్ళకి తల కనపడుద్దా?" అంటూ ఆయన సీట్లో కిందికి జారి చూపించాడు. అంత పెద్దమనిషి, తెల్లపంచె మోకాళ్ళ దాకా ముడుచుకుపోయి, సీటుకింద దాక్కునే పిల్లాడిలా. కుర్రాళ్ళిద్దరూ నవ్వాపుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు. ఈ బండిలో ముందు సీట్లో ఎప్పుడూ ఉండేది ఎవరో అప్పుడు తట్టింది నాకు. తెల్ల కారులో ఆయనతోపాటు నలుగురు ఉండేవారు, వెనక ఇంకో బండి ఉండేది. ఇందులో ఇద్దరే. ఒకాయన దాక్కుంటాడు, ఒకడు కనపడతాడు.

"నీలందైతే చానా డబ్బు మిగులుద్ది సార్" అన్నాను ఊరుకోలేక.

"డబ్బు సంగతి నేను చూసుకుంటాలే ఖాసిమూ, ప్రాణం సంగతి చెప్పు" అన్నాడాయన. ఎర్రబండే ఖాయమైంది.

రిజిస్ట్రేషన్ దగ్గర అసలు ముడి పడింది. తన పేరు మీదున్న బండ్ల నంబర్లన్నీ అవతలివాళ్ళకి తెలుసు కాబట్టి ఈ బండి ప్రదీప్ పేరు మీద పెడదామన్నాడు సాంబశివరావు గారు. ప్రదీప్ ఆధార్ కార్డు కోసం ఇంటికి వెళ్తూ దారిలో నాకు ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్, ఊరికే వస్తే ఫినాయిలన్నా తాగుతావా? రేపు ఆ బండి ఏ గొడవలో కనపడ్డా ముందు నీ గడపకే వస్తారు. అట్టా కుదరదని చెప్పు!"

"ఎట్టా చెప్పను భాయ్? ఆస్పత్రిలో పాప పక్కన నిలబడ్డ మనిషి. కాదంటే నాలిక పడిపోదూ?"

మంచితనంతో కట్టేసిన తాడుని విప్పుకోవడం అంత తేలిక కాదు. బండి వాడి పేరు మీదే ఎక్కింది. షెర్లీ మాత్రం ఆర్‌సీ కార్డు చేతిలోకి తీసుకుని, దాని మీద మొగుడి పేరు చదివి, "డ్రైవర్‌గా ఉండమన్నా. ఓనర్‌వి అయ్యావా?" అందట. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇదంతా కృపమ్మకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. చెప్పినా ఆమెకి ఎక్కేది కాదేమో. ఆమెకి తెలిసింది ఒక్కటే, బండి తన కొడుకు పేరు మీద ఉంది. జన్మంతా అయ్యగారి చేలో వంగిన నడుము ఒక్కసారి నిటారుగా నిలబడింది. పైగా, బండి వాళ్ళదేనని ఊరు నమ్మాలని సాంబశివరావు గారే ఆదివారం చర్చికి వేసుకెళ్ళమన్నాడు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళంతా కృపమ్మ చేతులు పట్టుకుని ఊపేశారు. ఆ సంతోషంలో ఆమె సాయంత్రం దాచేపల్లి నుంచి రేడియం స్టిక్కర్లు వేసే కుర్రాణ్ణి పిలిపించింది. ప్రదీప్ నిద్రపోతున్నాడు. లేచేసరికి వెనక అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకి పసుపు అక్షరాలు. పైన 'దేవుని వరం'. కింద అంతకు రెట్టింపు అక్షరాల్లో 'జెస్సీ'.

కొత్త బండి అద్దం మీద పిల్లల పేర్లు వేయించుకోవడం మా దగ్గర ఎవరైనా చేసే పనే. ఆటోల నుంచి లారీల దాకా అందరూ వేయించుకుంటారు. కృపమ్మ చేసిన దాంట్లో తప్పేముంది? జెస్సీ అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. జ-కి ఎత్వం, స-కి స వత్తు, గుడి దీర్ఘం అని వేలితో అద్దం మీద దిద్దుకుంటూ చీకటి పడేదాకా బండి దగ్గరే ఉందట. ఆ పిల్ల తన పేరు మొదటిసారి చదువుకున్నది ఆ అద్దం మీదే.

మర్నాడు గురజాలలో వాయిదా. తర్వాత జరిగింది ప్రదీప్ నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

వాడు భయపడుతూ బండి తీసుకెళ్ళి, దిగి చేతులు కట్టుకున్నాడు. "అమ్మ తెలవక వేయించింది సార్. వచ్చేటప్పుడు పీకించేస్తా" అన్నాడు. సాంబశివరావు గారు బండి చుట్టూ తిరిగాడు. అక్షరాలు చదివాడు. కోప్పడతాడనుకుంటే భుజం తట్టాడు. "పీకమాక. నాకు తట్టలేదుగానీ మీ అమ్మకి తట్టింది చూడు. ఎవడన్నా వెనకాల వచ్చినా ఎవరో పిల్లలుగల వాళ్ళ బండి అనుకుంటాడు" అన్నాడు.

ఊరు దాటారు. మిరప చేల మధ్య సన్నటి తారు రోడ్డు, ఒక పక్క కాలువ. వెనక సీట్లో ఆయన తల మీద తువ్వాలు కప్పుకుని కిందికి జారి కూర్చున్నాడు. కాసేపటికి అక్కడి నుంచే అన్నాడు.

"ఒరేయ్ ప్రదీపూ, వచ్చే వాయిదాకి షెర్లీనీ పాపనీ కూడా ఎక్కించుకురా. ముందు సీట్లో ఆడమనిషి, ఒళ్ళో పిల్ల. అట్టా ఉంటే ఎవడూ చెయ్యెత్తడు. గురజాలలో పాపకి బొమ్మలు కొనిద్దాం."

ప్రదీప్ బ్రేకు వేశాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. ఆ ఇరుకు రోడ్డు మీద కాలువ గట్టు అంచున బండి ఒక్క తిప్పుడుకే తిరిగింది. దాన్ని ఎందుకు ఎంచుకున్నాడో అందుకు పనికొచ్చింది.

"ఏందిరా? ఎవరన్నా వస్తన్నారా?" అని ఆయన ఇంకా కిందికి ముడుచుకుపోయాడు.

"ఎవరూ లేరు సార్. ఇంటికి పోదాం."

ప్రదీప్ ఆయన ఇంటి ముందు బండి ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సాంబశివరావు గారు తువ్వాలు తీసి నిజంగానే అర్థంకాక అడిగాడట. "నేను ఏమన్నానురా ఇప్పుడు? నీ పిల్లకి హాని చేస్తానా నేను?"

ప్రదీప్ ఇది చెబుతూ నా షాపులో టైర్ల మీద కూర్చుని ఏడ్చాడు. "ఆయనకి తెలవదు భాయ్. ఏమన్నాడో ఆయనకి నిజంగా తెలవదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. భయం మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది కాబోలు. నాకు మాత్రం ఆయన మీద జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

వాళ్ళు ఊరు వదిలి నరసరావుపేట వచ్చేశారు. ప్రదీప్ ఆటో తోలుతున్నాడు. షెర్లీకి ఇక్కడే ఇంకో స్కూల్లో పని దొరికింది. కృపమ్మ ఇక్కడి అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ బండి ఎందుకు పోయిందో తెలియక, దిష్టి తగిలిందని ఆ ఊరి చర్చి ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ అనుమానిస్తోంది.

కానీ బండి ఇంకా ప్రదీప్ పేరు మీదే ఉంది. పేరు మార్పించమని రెండుసార్లు కబురు చేశాడు. "చూద్దాంలే, తొందరేముంది" అని జవాబొచ్చింది. కాగితాలు ఆయన బీరువాలో, బండి ఆయన వాకిట్లో. ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నాడని తెలిసింది. "పోలీసులకి రాసివ్వరా" అన్నాను నేను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఇన్నాళ్ళూ ఆయన మనిషిని కాకూడదని పాకులాడా. ఇప్పుడు కేసు పెడితే అవతలోళ్ళ మనిషినవుతా."

మొన్న శనివారం సాయంత్రం. ప్రదీప్ ఆటోకి చక్రం కొట్టుకుంటోందని షాపుకి తెచ్చాడు. జెస్సీ కూడా వచ్చింది. నేను ఆటో కింద ఉన్నాను. వాడు స్పానర్ అందిస్తున్నాడు. పిల్ల పక్కనే ఉన్న టీ కొట్టు ముందు బిస్కెట్టు తింటోంది. ఉన్నట్టుండి ఎగిరి గంతేసింది.

"నా బండి! నా బండి!"

నేను తల బయటికి పెట్టేసరికి సత్తెనపల్లి వైపు ఎర్రబండి పోతోంది. దుమ్ము పట్టింది. ముందు ఎవడో కొత్తవాడు. వెనక సీట్లో ఎవరూ ఉన్నట్టు కనపడలేదు, అంటే ఉన్నట్టే లెక్క. వెనక అద్దం మీద పసుపు అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి. పిల్ల చెయ్యూపుతూనే ఉంది. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా పిల్లని చూసి నవ్వారు. వాళ్ళలో బైకు మీద కూర్చుని టీ తాగుతున్న ఒకతను మాత్రం బండి కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత పిల్లవైపు తిరిగి, చాలా నెమ్మదిగా, ముద్దుగానే అడిగాడు.

"ఎవరిది అమ్మా ఆ బండి?"

"మా నాన్నది. దాని మీద నా పేరుంది. నా పేరు జెస్సీ."

"అట్టాగా! మీ నాన్న ఎవరు బంగారం?"

ప్రదీప్ చేతిలో స్పానర్ కిందపడింది. అప్పటికే పిల్ల వేలు చాపి చూపించేసింది. అతను ప్రదీప్‌ని ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. మిగిలిన టీ తాగాడు. గ్లాసు కొట్టు మీద పెట్టి, డబ్బులిచ్చి, "మంచిదమ్మా" అని పిల్ల తల నిమిరి, బైకు స్టార్ట్ చేశాడు. సత్తెనపల్లి వైపే వెళ్ళాడు.

"ఎవరు భాయ్ అతను?" అన్నాడు ప్రదీప్.

నాకు తెలియదు. టీ కొట్టువాణ్ణి అడిగితే వాడికీ తెలియదు. అటువైపు ఇల్లున్న మామూలు మనిషే అయ్యుండొచ్చు. పిల్ల ముద్దుగా ఉందని పలకరించి ఉండొచ్చు. ప్రదీప్‌తో అదే చెప్పాను. నా మాట నేనే నమ్మలేదు.

వాడు వెళ్ళి కూతురు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని మూతికంటిన బిస్కెట్టు పొడి తుడిచాడు. "అమ్మా, ఇంకెప్పుడూ ఎవరడిగినా నీ పేరు చెప్పమాక. సరేనా?" అన్నాడు.

జెస్సీ తండ్రి ముఖంలోకి చూసింది.

"మరి ఏం చెప్పాలి నాన్నా?" అంది.